హ్యామ్‌స్టర్‌కు ప్రశాంతత: గృహస్థులకు కొన్ని సూచనలు

ఎలుకలా ఉండే చిన్న ప్రాణి, పెంపుడు హ్యామ్‌స్టర్ ప్రశాంతంగా బతకాలంటే ఇంట్లో ఉండకూడనివి ముందే చెప్పేస్తాను: హాల్లో టీవీ, వంటింట్లో మిక్సీ, నాలుగు విజిల్స్ దాకా ఆగని కుక్కర్, చిన్నపిల్లలు, వాళ్ల బాబాయిలు. అందరిలోకీ ప్రమాదకరం ఆ చివరివాళ్లే. పిల్లలకైనా నచ్చజెప్పొచ్చు.

ముందు వంశం సంగతి. 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర ఇస్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రజ్ఞుడు ఒక పొలం తవ్వించి, బొరియలో ఉన్న తల్లినీ పిల్లల్నీ పట్టుకెళ్లాడు. ఇవాళ జనం పెంచుకుంటున్న సిరియన్ హ్యామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ కాన్పు సంతానమే. అంటే అన్నిటిదీ ఒకే గోత్రం. మన పెద్దల చేతిలో పడుంటే ఒక్క సంబంధమూ కుదిరేది కాదు, జాతి అక్కడితో ఆగిపోయేది.

సంబంధం మాట ఎలాగూ వచ్చింది. "పాపం ఒక్కతే ఉంది, తోడు తెద్దాం" అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. తేకండి. పెద్దయిన సిరియన్ హ్యామ్‌స్టర్లు రెంటిని ఒకే కేజ్‌లో పెడితే చచ్చేదాకా కొట్టుకుంటాయి. "నాలుగు రోజులు పోతే వాళ్లే సర్దుకుంటారు" అన్న మన కుటుంబ సూత్రం సిరియా దాకా పోలేదు. ఒకవేళ ఆ పూటకు సర్దుకున్నాయే అనుకోండి, 16 రోజుల్లో మీరు పురుడు పోయాలి.

ఇక కేజ్. నేల వైశాల్యం కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు ఉండాలని జర్మనీ పశువైద్యుల జంతు సంక్షేమ సంఘం అంటుంది. అదంతా కార్పెట్ ఏరియానే, సూపర్ బిల్టప్ లెక్కలు చెల్లవు. మన దుకాణాల్లో దొరికేది మాత్రం గులాబి రంగు గొట్టాలు తగిలించిన షూ డబ్బా. బొరియ తవ్వుకోవడానికి అడుగున జానెడు మందాన పరుపు కావాలి. దూది వద్దు, కాళ్లకు చుట్టుకుంటుంది, కడుపులో అడ్డుపడుతుంది. నీళ్లతో స్నానమూ వద్దు, దానికి ఇసుక స్నానం చాలు. శనివారం కదా అని తలంటు పోసే తల్లులు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

అది పగలంతా నిద్రపోతుంది. సరిగ్గా అప్పుడే బాబాయి వస్తాడు. "ఏదిరా, లేపు, చూద్దాం" అంటాడు. చుట్టాల ముందు రైమ్స్ చెప్పలేక నలిగిపోయిన పిల్లాడు, తన బాధ్యత ఇంకొకరి నెత్తిన పడినందుకు సంబరపడుతూ కేజ్ తలుపు తీస్తాడు. గాఢ నిద్రలోంచి లేపిన ప్రాణి కరుస్తుంది. "దీనికి పొగరు" అని బాబాయి తీర్పు చెబుతాడు. ఆయన్ని ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిని పడుకున్నాక లేపి చూడమని నా మనవి.

వచ్చినవాళ్లందరికీ కనపడాలని కేజ్‌ని టీవీ పక్కన పెట్టడం మరో ఆచారం. హ్యామ్‌స్టర్లకు మన చెవికి అందని శబ్దాలు కూడా వినపడతాయి. మనకైతే వినపడేవి కూడా పట్టవు, సీరియల్ అత్తగారి అరుపుల్లోనే హాయిగా అన్నం తినేస్తాం. పోనీ బాల్కనీలో పెడదామంటే మే నెల ఎండ. 20, 22 డిగ్రీల్లో సుఖపడే జీవి అది. కాబట్టి ఇంట్లో ఏసీ ఉన్న ఏకైక గది ఎవరిదో కొనకముందే తేల్చుకోండి. నాన్నగారిని పిలవకుండా తేల్చుకుంటే త్వరగా తేలుతుంది.

రాత్రయితే అది చక్రమెక్కి కొన్ని కిలోమీటర్లు పరిగెత్తుతుంది. వెన్ను వంగకుండా ఉండాలంటే సిరియన్ రకానికి ఆ చక్రం వ్యాసం కనీసం 28 సెంటీమీటర్లు ఉండాలి. రోజూ అరగంట నడవమని డాక్టరు చెప్పినా సోఫా దిగని ఇంటి పెద్ద, అర్ధరాత్రి ఆ చక్రం చప్పుడు విని "ఈ ఇంట్లో మనశ్శాంతి లేదు" అంటాడు. చక్రానికి నూనె చుక్క వేసే పని మాత్రం ఎవరిదీ కాదు.

ఈ షరతులన్నీ తీర్చే ఇళ్లు మన దగ్గర లేకపోలేదు. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ తల్లిదండ్రుల డూప్లెక్సులున్నాయి చూశారా, అవి. పగలంతా నిశ్శబ్దం. బాబాయిలు కూడా రావడం మానేశారు. అర్ధరాత్రి డాలస్ నుంచి వీడియో కాల్ వస్తుంది కాబట్టి ఆ వేళకు వాళ్లూ మేలుకునే ఉంటారు. నాలుగు గదులు, నాలుగింటిలోనూ ఏసీలు. పిల్లలొస్తే తప్ప వేయరు, అంతే.