బేరీజు నాన్నగారు

"నేను టీకాలకు వ్యతిరేకిని కాదండీ, బేరీజు వేసుకుంటున్నానంతే." ఈ వాక్యం కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, పిలిచి శాలువా కప్పాలి.

టీకాలే వద్దనేవాళ్లతో పేచీ లేదు, వాళ్లు టీకా కేంద్రం గడప తొక్కరు. బేరీజు నాన్నగారు మాత్రం వస్తారు. బుధవారం పదకొండింటికి, వెనకాల పద్నాలుగు మంది తల్లులు చంటిపిల్లలతో నిలబడి ఉండగా, టీకాలు వేసే నర్సమ్మ (ఏఎన్ఎం) ఎదురుగా కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంటారు. ఆరు వారాల పాప అమ్మ ఒళ్లో, ఫోను ఈయన చేతిలో.

"మేడమ్, ఇందులో పాదరసం ఉందటగా?"

ఐదు జబ్బులకు ఒకటే టీకా అయిన పెంటావాలెంట్ పది డోసుల సీసాలో నిల్వకు థయోమెర్సాల్ అనే పాదరసపు మందు కలుపుతారనీ, అది చేపల్లో పేరుకునే రకం కాదనీ, ఒంట్లోంచి త్వరగా పోతుందనీ ఆవిడ ఓపిగ్గా చెబుతుంది. "మరి ఆటిజం?" 12 మంది పిల్లల్ని చూపించి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాల టీకాకూ (ఎంఎంఆర్) ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన వ్యాసాన్ని 2010లో ఆ పత్రికే రద్దు చేసింది. రాసినాయన పేరును వైద్యుల రిజిస్టరులోంచే కొట్టేశారు. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల వివరాలు చూసి, ఆ టీకాకూ ఆటిజానికీ ఏ సంబంధమూ లేదని 2019లో తేల్చారు. నాన్నగారు "ఊఁ" కొట్టి, పొట్లంలోంచి ఇంకో పునుగు నోట్లో వేసుకుంటారు. పేపరు సిరా పునుక్కి అంటి నిన్నటి హెడ్డింగు చదువుకోవచ్చు. నూనె ఎన్నోసారి కాగిందో బండివాడికే తెలీదు. దానికి బేరీజు లేదు. బేరీజంతా ఆ అర మిల్లీలీటరుకే.

ఆయన తక్కెడకు ఉన్నది ఒకటే తట్ట. రెండో దాంట్లో పడాల్సిన కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, తట్టు ఆయన కళ్లతో చూడలేదు. ఎలా చూస్తారు? వాళ్లమ్మ బేరీజు వేయకుండా టీకాలు వేయించింది. కంఠసర్పి అంటే గొంతులో బూడిదరంగు పొర, మెడ వాపు, అందని ఊపిరి. దాని విరుగుడు గుర్రం నెత్తుటి నుంచి తీస్తారు. ఆరోజు మాత్రం ఆ గుర్రానికి ఏం మేత పెట్టారని ఎవరూ అడగరు.

ప్రమాదమే లేదని ఎవరన్నారు? తట్టు టీకా వేసిన వారం పది రోజులకు జ్వరం రావచ్చు. మూడు నాలుగు వేల మందిలో ఒకరికి ఆ జ్వరంతో ఫిట్స్ రావచ్చు. తట్టే వస్తే వెయ్యిమందిలో ఒకరికి మెదడువాపు. పది లక్షల డోసుల్లో ఏ ఒక్కదానికో అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ. అరగంట కూర్చోమనేదీ, దాన్ని ఆపే అడ్రినలిన్ సూది పక్కన పెట్టుకునేదీ అందుకే.

అసలు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మందుకు వేడి తగిలిందో లేదో చెప్పే, సీసా మీది గుండ్రంలోని చతురస్రం ఇంకా తెల్లగానే ఉందా? చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతే ఆ సీసా పారేయాల్సిందే. తట్టు, రుబెల్లాల టీకా (ఎంఆర్) మందు కలిపి ఎంతసేపైంది? నాలుగు గంటలు దాటితే అందులో క్రిములు పెరగొచ్చు. పెంటావాలెంట్ సీసా ఐసుకు ఆని గడ్డకట్టలేదు కదా? కడితే ఇక పనికిరాదు. ఇవి ఏ ఫార్వర్డులోనూ ఉండవు.

2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో ఏం జరిగింది? సూది వేశాక జ్వరానికని ఇచ్చిన మాత్ర పారాసెటమాల్ కాదు, ట్రమడాల్! పెద్దల నొప్పికి వాడే మందు, పసివాళ్ల ఊపిరి మీద దెబ్బకొడుతుంది. పిల్లలు చనిపోయారు. "టీకా చంపింది" అని ఫోన్లు మోగాయి. స్ట్రిప్ మీద పేరు చదవకపోవడం చంపిందిరా నాయనా! ఆ మందు ఆ బల్ల మీదికి ఎలా వచ్చిందని నిలదీయండి, గొంతు చించుకుని అడగండి, మీ వెనక నిలబడతాం. అంతేగానీ ఆ తల్లుల ఏడుపును మీ ఫార్వర్డుకు బొమ్మగా అతికించుకోవడానికి సిగ్గులేదా?

సరే, నాన్నగారి సంగతి. ఇరవై నిమిషాల విచారణ తర్వాత సూది పడింది. పాప కేర్‌మంది. ఏఎన్ఎం మాత్ర చేతిలో పెట్టి, "అరగంట కూర్చోండి సార్" అంది.

"బండి నో పార్కింగ్‌లో ఉంది మేడమ్" అంటూ ఆయన మాత్రను చూడకుండానే జేబులో వేసుకుని లేచారు.