పంజరంలోని పక్షి ప్రతిసారీ బందీ అయిన స్త్రీయేనా?

పాత ఐరోపా చిత్రాల్లో పంజరమూ, దూరదేశపు పక్షీ కనిపిస్తే అది చెరలో ఉన్న స్త్రీకి గుర్తనీ, ఖాళీ పంజరం ఆమె విముక్తికి సంకేతమనీ, చిత్రకారుడు తన నిరసనను అలా దాచి చెప్పాడనీ ఒక వివరణ విరివిగా ప్రచారంలో ఉంది. 19వ శతాబ్దపు కొన్ని చిత్రాలకు ఈ అర్థం చెప్పుకోవచ్చు. అన్నిటికీ అంటగట్టడమే పొరపాటు.

పక్షి అంటే స్త్రీ అన్నది మొదటి వాదం. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు యాన్ స్టేన్, పెద్దలు పాడినట్లే పిన్నలూ పాడతారనే సామెతను బొమ్మ కట్టినప్పుడు, పిల్లవాడికి పొగతాగే గొట్టం అలవాటు చేస్తున్న పెద్దమనిషి ఉన్న గదిలోనే ఒక చిలుకనూ ఉంచాడు. విన్నది అప్పగించే చిలుక అక్కడ అనుకరణకు గుర్తు. స్త్రీ చెరతో దానికి పొత్తు లేదు.

నిరసన సంగతి చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. సముద్రాలు దాటి వచ్చిన పక్షి ఖరీదైన వస్తువు. దాన్ని గీయించుకున్న సంపన్నుడు చాటుకోదలచినది తన కలిమినే.

అన్నిటికన్నా బలహీనమైనది ఖాళీ పంజరం వాదం. డచ్ చిత్రాల్లో పక్షి ఎగిరిపోయిన పంజరం చాలాసార్లు కోల్పోయిన కన్యాత్వాన్ని సూచించేది. అంటే నేడు మనం స్వేచ్ఛగా చదువుతున్న చోట ఆనాటి ప్రేక్షకుడు నష్టాన్ని చదివాడు. ఫ్రాన్సులో 1765లో చిత్రకారుడు గ్రూజ్ ప్రదర్శించిన, చనిపోయిన పక్షి కోసం దుఃఖిస్తున్న బాలిక చిత్రాన్ని విమర్శకుడు దిదరో ఈ దారిలోనే వ్యాఖ్యానించాడు.

ఆంగ్ల చిత్రకారుడు జోసెఫ్ రైట్ 1768లో వేసిన గాలిపంపు ప్రయోగ చిత్రం చూస్తే ఈ వాదానికి ఆధారమే మిగలదు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆ చిత్రంలో కిటికీ పక్కన ఖాళీ పంజరం వేలాడుతోంది. అందులో ఉండవలసిన, కాకటూ అనే చిలుకజాతి తెల్లని పక్షి ఎక్కడికీ ఎగిరిపోలేదు. గాలి తోడేసిన గాజుబుడ్డిలో కొట్టుకుంటోంది. అంత అరుదైన పక్షిని నిజమైన ప్రయోగానికి బలిపెట్టేవారు కారు కనుక, చూసేవారి మనసు కలచడానికే రైట్ దాన్ని ఎంచుకున్నాడనుకోవడం సబబు. ఒక బాలిక కళ్లు మూసుకుంది. ప్రయోగకర్త చెయ్యి బుడ్డి పైనున్న మూత దగ్గర ఆగి ఉంది. అతడు గాలిని లోపలికి వదిలితే పక్షి బతుకుతుంది. కిటికీ దగ్గరి కుర్రవాడు తాడు పట్టుకుని ఆ పంజరాన్ని పక్షి కోసం దించుతున్నాడో, ఇక దానితో పనిలేదని పైకి లాగేస్తున్నాడో రైట్ తేల్చకుండా వదిలేశాడు. దించుతున్నాడనుకుంటే, ఆ పక్షికి ప్రాణం దక్కే చోటు ఆ పంజరమే.