అద్దెలు పెంచిన చేయి ఎవరిది?

"ఆర్టిస్టులు అడుగుపెట్టారంటే ఆ పేటలో పేదలకు నూకలు చెల్లినట్టే. ముందు వాళ్లొస్తారు, తర్వాత కాఫీ షాపులు, ఆ వెనక డబ్బున్నవాళ్లు. లాభపడిందీ వాళ్లే. డెవలపర్ తప్పేముంది? ఇది ఆపితే ఆగేదా?" న్యూయార్క్‌లోని సోహో పేటను ఉదాహరణగా చూపిస్తూ అందరూ షేర్ చేస్తున్న వాదన ఇది.

సోహో సంగతే చూద్దాం. 1960లలో ఆ వీధుల నిండా చిన్న ఫ్యాక్టరీలు, గోదాములే. జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పే నగర నిబంధన) ప్రకారం అక్కడ కాపురం ఉండకూడదు; పెయింటర్లు దొంగచాటుగా ఉండేవారు. 1971లో నగరం అనుమతించింది, అదీ ఆర్టిస్టులుగా సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే. 1975లో ఆ భవనాలను ఇళ్లుగా మార్చే యజమానులకు పన్ను రాయితీ ఇచ్చింది. ఆ రాయితీ ఫైలు మీద ఏ పెయింటరూ సంతకం పెట్టలేదు. పైగా అక్కడ ప్రధానంగా నష్టపోయింది ఫ్యాక్టరీ కూలీలు. వాళ్ల ఊసు ఈ వాదనలో ఉండనే ఉండదు.

"ముందొచ్చింది వాళ్లేగా?" వస్తే? ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. న్యూయార్క్‌లోనే మరో పేట విలియమ్స్‌బర్గ్‌లో ఆర్టిస్టులు 1980ల నుంచే ఉన్నారు. అద్దెలు నెమ్మదిగా పెరుగుతూ వచ్చాయి, కాదనను. కానీ నది ఒడ్డున అపార్ట్‌మెంట్ టవర్లు లేచింది 2005లో నగరం జోనింగ్ మార్చాకే.

"లాభపడింది వాళ్లే" అన్నది మరీ అన్యాయం. అదే నగరంలో క్వీన్స్ ప్రాంతంలోని ఫైవ్‌పాయింట్జ్ భవనం గోడలమీద, యజమాని అనుమతితోనే, ఆర్టిస్టులు ఏళ్లతరబడి గ్రాఫిటీ బొమ్మలు వేశారు. 2013 అక్టోబరులో అక్కడ టవర్లు కట్టడానికి సిటీ కౌన్సిల్ ఒప్పుకుంది. నవంబరులో యజమాని రాత్రికి రాత్రి బొమ్మలన్నిటికీ తెల్లరంగు కొట్టించాడు. 21 మంది ఆర్టిస్టులకు 67.5 లక్షల డాలర్లు చెల్లించాలని 2018లో జడ్జి తీర్పిచ్చారు. ఇంతా చేసి కొత్త టవర్లకు పెట్టుకున్న పేరేమిటి? ఫైవ్‌పాయింట్జే! బొమ్మలు అక్కర్లేదు, వాటి పేరు మాత్రం కావాలి.

అలాగని ఆర్ట్ ప్రపంచానికి ఏ పాపమూ అంటదనను. 2016లో లాస్ ఏంజలస్‌లోని బాయిల్ హైట్స్ పేటవాసులు, అద్దెలు పెరుగుతాయని ఆర్ట్ గ్యాలరీల ముందు చేసిన నిరసన న్యాయమైనదే. వాళ్లు నిలదీసింది గ్యాలరీలను, బొమ్మలేసే ప్రతివాణ్నీ కాదు.

ఇక "ఆపితే ఆగేదా" అన్న మాట. జర్మనీలోని హాంబర్గ్ నగరం గెంగెఫియర్టెల్ అనే పేటలోని పాత ఇళ్లను ఒక డచ్ ఇన్వెస్టర్‌కు అమ్మేసింది. 2009 ఆగస్టులో ఆర్టిస్టులు ఆ ఇళ్లలోకి వెళ్లి కూర్చున్నారు. డిసెంబరులో నగరమే వాటిని తిరిగి కొనుక్కుంది.