శీలావతికి శీలపరీక్ష

మన శీలావతి (అదే, రోహు) లాంటి చెరువు చేపలకు, మందులు లేకుండా పెంచారని ఇచ్చే ఆర్గానిక్ సర్టిఫికెట్ల మీద అనుమానపడేవాళ్లు ఈమధ్య ఎక్కువైపోయారు. వ్యవస్థ ఎంత పకడ్బందీగా ఉందో తెలియకే ఇదంతా. చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మన దేశంలో సేంద్రియ ఉత్పత్తి జాతీయ కార్యక్రమం 2001లో మొదలైంది. ఆ తర్వాత గోదావరికి రెండు పుష్కరాలు వచ్చి వెళ్లాయి. ఈలోగా నిబంధనలు చేపలకూ రొయ్యలకూ కూడా వచ్చేశాయి. ఈ కార్యక్రమాన్ని నడిపేది అపెడా, అంటే వ్యవసాయ ఎగుమతులు పెంచడానికి పెట్టిన సంస్థ. సరుకు బాగా అమ్ముడుపోవాలని కోరుకునేవాళ్లే దాని స్వచ్ఛతకూ కాపలా. పరాయివాళ్లకు అప్పజెబితే మన సరుకు మీద ఇంత ఆపేక్ష ఉంటుందా?

దాని కింద గుర్తింపు పొందిన సర్టిఫికేషన్ సంస్థలు ఉంటాయి. వాటి ఫీజు చెరువు రైతో, సరుకు కొనే ఎగుమతి కంపెనీయో కడతారు. ఈ సంస్థ మరీ పట్టుపడుతోంది అనిపిస్తే ఇంకో సంస్థ చూసుకోవచ్చు. భీమవరం కోడిపందేల్లో ఈ సౌకర్యం లేదు. గెలుపోటములు తేల్చే మనిషికి ఒక కోడి యజమానే డబ్బులిచ్చాడని తెలిస్తే బరిలోనే తలలు పగులుతాయి. పాపం, అది చట్టవిరుద్ధమైన ఆట. అందుకే అంత మోటుగా ఉంటుంది.

ఇక తనిఖీ. ఇన్‌స్పెక్టరు గారు రేపు వస్తున్నారంటే ఇవాళ మేత షెడ్డులో సంక్రాంతి సందడి. చేపలకు పట్టే పేనుకు కొట్టే మందు డబ్బాలు బావమరిది షెడ్డుకు వెళ్తాయి. తవుడు బస్తాలు ముందు వరసలోకి వస్తాయి. రిజిస్టరు కొత్తగా కుట్టిస్తారు. ఏడాది పొడుగునా వేసిన మేత, పెట్టిన నీళ్లు అన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటాయి. అందులో ఏ తారీఖునా వానకు తడిసిన మరక ఒక్కటీ ఉండదు. కొల్లేరు చుట్టుపక్కల జూలైలో రాసిన పుస్తకానికి అంత పొడితనం ఎలా వచ్చిందని ఇన్‌స్పెక్టరు గారు అడగరు. కొబ్బరిబోండాం తాగి, గట్టు మీద నాలుగడుగులు వేసి, ఫొటో తీసుకుని కారెక్కుతారు. ముందు చెప్పకుండా చేసే తనిఖీలు కూడా నిబంధనల్లో ఉన్నాయి. ఆ పూట గేటు కాపలావాడికి ఫోనులో సిగ్నలు లేకపోతేనే టెన్షన్.

నీళ్ల సంగతి అంటారా? ధవళేశ్వరంలో బయల్దేరిన నీళ్లు వరిచేలు తడుపుతాయి, ఊళ్ల మురుగు కలుపుకుంటాయి, డ్రెయిన్‌లో పడతాయి, అక్కడి నుంచి మోటారెక్కి చెరువులోకి వస్తాయి. పై చేలో కొట్టిన పురుగుమందూ, పక్క చెరువు వదిలిన నీళ్లూ గట్టు దాకా వచ్చి, లోపల ఆర్గానిక్ చేప ఉందని తెలుసుకుని మర్యాదగా వెనక్కి మళ్లుతాయి కాబోలు. ఒక సీసాడు నీళ్లు ల్యాబుకు పంపుతారు. కాలువకు కొత్త నీళ్లు వదిలిన రోజున పట్టిస్తే శ్రేష్ఠం.

విదేశీయులకు మాత్రం ఈ నమ్మకం కుదరలేదు. 2021 జనవరిలో అమెరికా వ్యవసాయ శాఖ, అపెడా పర్యవేక్షణను గుర్తించే ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. అదే ఏడాది డిసెంబరులో యూరోపియన్ యూనియన్ మన సర్టిఫికేషన్ సంస్థలు ఐదింటిని తన జాబితా నుంచి తీసేసింది. రొయ్యల మీద అయితే యూరప్ వాళ్లు ముందే మొదలుపెట్టారు. మన సాగు రొయ్యల లోడ్లలో యాంటీబయాటిక్స్ కోసం పరీక్షించేవాటిని 2016లోనే 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. స్టాంపు మీద గౌరవం లేని మనుషులు, రొయ్యనే కోసి చూస్తున్నారు! విదేశాలే కాదు, 2018లో అస్సాం కూడా మన ఆంధ్రా చేపలను కొన్నాళ్లు నిషేధించింది. అప్పటి గొడవ ఫార్మాలిన్ మీద, అంటే శవాలు పాడవకుండా వాడే రసాయనం మీద. ఐసు పెట్టె దాకా వచ్చాక జరిగేవాటికి చెరువు సర్టిఫికెట్టు పూచీ కాదు కదా.

అసలు నష్టపోయేది నిజంగా మందు వాడనివాడు. పేను పట్టి చేప ఒరుసుకుని ఒరుసుకుని ఎర్రబడుతుంటే చూస్తూ ఊరుకున్నవాడు. తీరా చేపలు పట్టే రోజున అతని శీలావతీ, మందు కొట్టినవాడి శీలావతీ ఒకే లారీ ఎక్కి, ఒకే రేటుకు హౌరా వెళ్తాయి. ఫీజుకు డబ్బు లేక అతను సర్టిఫికెట్టే తీసుకోలేదు. అటువంటివాళ్లు వ్యవస్థకు ఏ విధంగానూ పనికిరారు.

సంస్కరణలు కావాలంటే నా వైపు నుంచి ఒకే ఒక విన్నపం. తనిఖీ సంగతి ఒక్కరోజు ముందు చెబితే చాలడం లేదు. కనీసం వారం ముందు చెప్పండి. షెడ్డు సర్దడానికి ఈ రోజుల్లో కూలీలు దొరకడం లేదు, బావమరిది షెడ్డులో కూడా చోటు నిండిపోయింది.