ఫ్రెంచ్ వైన్ అంతా లేబుల్ మాయేనా? ఒక ఫార్వర్డ్‌కు జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: 1976లోనే అమెరికా వైన్లు ఫ్రెంచ్ వైన్ పరువు తీశాయి, నేలను బట్టి రుచి మారుతుందనేది మార్కెటింగ్ కథ, అదంతా కోటల్లో కూర్చున్న కోటీశ్వరుల వ్యాపారం. అయినా సరే, కొంటే మాత్రం పదేళ్లు దాచి తాగాలట. రెడ్ వైన్ గుండెకు మంచిదట, తలనొప్పి వస్తే తప్పు వైన్ చెడిపోకుండా కలిపే సల్ఫైట్లదట. ఎవరినీ వైన్ తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక్క మెసేజ్‌లో ఇన్ని తప్పులు చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు 1976 సంగతి. ఆ ఏడాది మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వైన్ వ్యాపారి ఒక పోటీ పెట్టాడు. సీసాల మీద పేర్లు కనబడకుండా రుచి చూసిన ఫ్రెంచ్ నిపుణులే రెడ్‌లోనూ వైట్‌లోనూ కాలిఫోర్నియాకు మొదటి స్థానం ఇచ్చారు. ఇంతవరకు నిజమే. ఫార్వర్డ్ చెప్పనిది ఏమిటంటే, ఒక్కో విభాగంలో కాలిఫోర్నియావి ఆరు వైన్లు, ఫ్రాన్స్‌వి నాలుగే. ఆ ఫ్రెంచ్ రెడ్‌లన్నీ బోర్డో ప్రాంతానివి, ఫ్రెంచ్ వైట్‌లన్నీ బర్గండీ ప్రాంతానివి. లువార్, రోన్, అల్సాస్, బోజొలే ప్రాంతాల వైన్లు అసలు బరిలోనే లేవు. రెండు విభాగాల్లోనూ రెండో స్థానం ఫ్రాన్స్‌దే. పైగా గెలిచిన సీసాల్లో ఉన్న కాబర్నే సోవిన్యాన్, షార్డొనే రెండూ ఫ్రాన్స్ నుంచి వెళ్లిన ద్రాక్ష రకాలే. కాలిఫోర్నియా వాళ్లు బాగా చేయగలరని ఆ రోజు తేలింది. ఫ్రెంచ్ వాళ్లకు చేతకాదని మాత్రం తేలలేదు.

నేల సంగతిలో ఫార్వర్డ్ సగం కరెక్ట్. రాతి రుచిని వేరు పీల్చుకుని పండులోకి పంపుతుందని కొందరు అమ్మకందార్లు చెబుతారు చూడండి, అది ఉత్త కబుర్లే. నేల పని చేసేది ప్రధానంగా నీటి ద్వారా: వాన నీరు ఎంత నిలుస్తుంది, ఎంత జారిపోతుంది అన్నదాన్ని బట్టి పండు సైజు, పక్వం మారతాయి. దానికి వాలు, ఎండ, చలి తోడవుతాయి. బర్గండీ ఉత్తరాన ఉన్న షాబ్లీ వాలుల్లో సున్నపు మట్టిగడ్డ ఒకటి విరిచి చూస్తే వేలి గోరంత ఆల్చిప్పల శిలాజాలు కనిపిస్తాయి. అక్కడి చల్లదనంలో షార్డొనే వైన్ పుల్లపుల్లగా, తేలిగ్గా ఉంటుంది. అదే షార్డొనే దక్షిణాన మాకాన్ దగ్గర పండితే నిండుగా, పండు రుచితో ఉంటుంది. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనమెవరం దాన్ని మార్కెటింగ్ కథ అనలేదు కదా.

లేబుల్ మీద ఊరి పేరు రాసుకునే హక్కు కూడా ఊరికే రాలేదు. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే పురుగు ద్రాక్ష వేళ్లను తినేసి ఫ్రాన్స్ తోటలను నాశనం చేసింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరుమొక్కల మీద అంటుకట్టి రైతులు మళ్లీ లేచారు. ఈలోగా చక్కెర నీళ్లతో, ఎండుద్రాక్షతో చేసిన దొంగ వైన్ మార్కెట్‌ను ముంచెత్తింది, ధరలు పడిపోయాయి. 1907లో దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్ రైతులు రోడ్డెక్కారు. వాళ్లకు నాయకుడు మార్సెలాన్ ఆల్బేర్, ఒక పల్లెలో కాఫీ హోటల్ నడుపుకుంటూ తోట చూసుకునే మనిషి. జూన్ 9న మోంపెలియేలో లక్షల మంది పోగయ్యారు. నార్బోన్‌లో సైన్యం కాల్పుల్లో జనం చనిపోయారు. ఆ ప్రాంతపు బిడ్డలే ఎక్కువగా ఉన్న 17వ రెజిమెంట్ సైనికులు తిరగబడ్డారు. ఆ నెలాఖరులోనే కల్తీ మీద చట్టం వచ్చింది. తర్వాత 1935లో ఏ ఊరి పేరుతో ఏ ద్రాక్ష, ఎంత దిగుబడి, తీగలకు ఎలాంటి కత్తిరింపు అన్నది నిర్ణయించే వ్యవస్థ ఏర్పడింది. ఫార్వర్డ్ మాయ అంటున్న లేబుల్ వెనక ఉన్నది ఈ గొడవ.

దాచి తాగాలన్న సలహా చాలా సీసాలను పాడు చేస్తుంది. లువార్ నది సముద్రంలో కలిసే చోట చేసే మ్యూస్కదే అనే వైట్‌ను పులిసిన ఈస్ట్ మడ్డి మీదే చలికాలమంతా ఉంచి, తర్వాత సీసాల్లో నింపుతారు. ఆ తాజాదనమే దాని అందం. చాలామటుకు బోజొలే కూడా అంతే. దశాబ్దాలు నిలిచేవి వేరు: మంచి బోర్డో, రోన్ ప్రాంతపు ఎర్మితాజ్, ఇంకా చాలామంది నమ్మరు గానీ, లువార్ ప్రాంతంలో షెనాన్ ద్రాక్షతో చేసే వూవ్రే వైట్. మే నెల హైదరాబాద్ ఎండలో బీరువాలో పెడితే ఇవి కూడా పనికిరాకుండా పోతాయి.

గుండె సంగతి రెండు ముక్కల్లో. కొవ్వు బాగా తినే ఫ్రెంచ్ వాళ్లకు గుండెజబ్బులు తక్కువ, అది రెడ్ వైన్ చలవేనంటూ 1991లో అమెరికా టీవీలో 'ఫ్రెంచ్ పారడాక్స్' అని వచ్చిన కథనంతో ఈ నమ్మకం ఊపందుకుంది. మద్యానికి సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. సల్ఫైట్లంటారా, యూరప్ నిబంధనల ప్రకారం లీటరుకు రెడ్‌లో 150 మిల్లీగ్రాములు, డ్రై వైట్‌లో 200 దాకా ఉండొచ్చు. అంటే రెడ్ తాగినప్పుడే తలనొప్పి వస్తోందంటే నింద సల్ఫైట్ల మీద వేయడం కుదరదు.

ఇక కోటీశ్వరుల మాట. బోర్డోలో పెద్ద కంపెనీల చేతిలో ఉన్న పేరున్న తోటలు ఉన్నాయి, కాదనను. కానీ అక్కడే షాతో, అంటే కోట, అని పేరు పెట్టుకున్న చాలా ఇళ్లు మామూలు రైతు ఇళ్లు. బర్గండీలో క్లో ద వూజో అనే తోట చూడండి. ఒకప్పుడు సన్యాసులది. ఫ్రెంచ్ విప్లవంలో ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అమ్మేశాక చేతులు మారి, వారసులు పంచుకుని, ఇప్పుడు సుమారు 50 హెక్టార్లకు దాదాపు 80 మంది యజమానులు. కొందరికి మిగిలింది కొన్ని వరుసలే. 2021 ఏప్రిల్‌లో చిగుళ్ల మీద మంచు పడితే, షాబ్లీలో రాత్రంతా తోటల మధ్య వరుసగా పెద్ద పెద్ద కొవ్వొత్తులు వెలిగించి కాపలా కాసింది ఈ రైతు కుటుంబాలే. అంత చేసినా చాలామంది పంటలో పెద్ద భాగం పోయింది.

ఎవరు పండించారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. షాంపేన్ సీసా లేబుల్ మీద సన్నటి అక్షరాల్లో 'ఆర్ ఎం' (RM) అని ఉంటే తన తోటలో పండిన ద్రాక్షతో రైతే స్వయంగా చేసినది. 'ఎన్ ఎం' (NM) అని ఉంటే ఇతరుల దగ్గర ద్రాక్ష కొని చేసే కంపెనీది.