ఊరెళ్లాక ఏమైంది?

సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్ ప్లాట్‌ఫారాల మీద సాయంత్రం పూట నిలబడితే, ఎవరు ఏ పని మీద చెన్నై వచ్చారో చేతిలోని సంచి చెప్పేస్తుంది. టీ నగర్ నుంచి వచ్చేవాళ్లవి బట్టల సంచులు. ఆస్పత్రుల నుంచి వచ్చేవాళ్ల చంకలో పెద్ద ఎక్స్‌రే కవరు ఉంటుంది. స్కాన్ ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు, మందుల బిల్లులు, ఇంగ్లీషులో ఉన్న డిశ్చార్జి సమ్మరీ అన్నీ దాంట్లోనే. సూళ్లూరుపేట లోకల్ ఎక్కుతారు. అక్కణ్నుంచి నాయుడుపేట, గూడూరు, నెల్లూరు వైపు వెళ్లిపోతారు. రైలు గుమ్మిడిపూండి దాటిందంటే, వాళ్లలో చాలామంది సంగతి వైద్యం చేసిన ఆస్పత్రికి ఇక తెలియదు. బతికున్నారా, పనికి పోతున్నారా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, మందులు కొనే స్తోమత ఉందా? ఏ రిజిస్టరులోనూ ఉండదు. ‘మళ్లీ రాలేదు’ అని ఉంటుంది, అంతే.

చెన్నైలో తెలుగు రోగుల కష్టాల గురించి రాసినప్పుడల్లా మేము గదుల అద్దెలు, భాష, బిల్లుల గురించే రాస్తూ వచ్చాం. ఈ ఖాళీ గడి గురించి రాయలేదు. కానీ వైద్యంలో అసలు నిజం బయటపడేది అక్కడే. గుండెజబ్బులోనూ, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లోనూ గత నలభై ఏళ్ల పరిశోధన చెప్పింది ఇదే.

గుండెపోటు నుంచి బయటపడ్డవాళ్లలో కొందరికి ఆ తర్వాత గుండె మధ్యమధ్యలో లయ తప్పుతుంది. అలాంటివాళ్లు హఠాత్తుగా చనిపోయే అవకాశం ఎక్కువని డాక్టర్లు గమనించారు. కాబట్టి లయ సరిచేస్తే ప్రాణం నిలుస్తుందని అనుకున్నారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ పని చక్కగా చేసేవి. ఈసీజీ తేటగా వచ్చేది. డాక్టరుకు తృప్తి, రోగికి ధైర్యం. అమెరికా ప్రభుత్వ సాయంతో జరిగిన ‘కాస్ట్’ అనే ట్రయల్‌లో దాదాపు 1,500 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు ఈ మందులు, ఇంకో గుంపుకు మందు లేని ఉత్త మాత్రలు. సగటున పది నెలలు చూశారు. మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్త మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది. 1989లోనే ఆ ట్రయల్‌లో ఆ మందులు ఇవ్వడం ఆపేశారు.

ఈసీజీ బాగుపడింది, మనిషి పోయాడు. ఆ పరిశోధకులు ఈసీజీలు లెక్కపెట్టి ఊరుకుని ఉంటే, ఆ మందులు ఇంకా ఎన్నేళ్లు ఎందరి చేత మింగించేవాళ్లో.

స్టెంట్ల సంగతీ ఇలాంటిదే, అయితే జాగ్రత్తగా చెప్పుకోవాలి. గుండెపోటు వచ్చి మనిషి విలవిల్లాడుతున్నప్పుడు మూసుకుపోయిన రక్తనాళాన్ని వెంటనే తెరవడం ప్రాణం కాపాడుతుంది. అందులో అనుమానం లేదు. మేము చెప్పేది నిలకడగా ఉన్న ఛాతీనొప్పి గురించి. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గే రకం. యాంజియో చేయించుకుని వచ్చిన మనిషిని మన ఇళ్లలో మొదట అడిగేది ‘బ్లాకు ఎంత పర్సెంటు?’ అనే. 80 అంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. స్టెంట్ వేశారంటే ప్రాణం దక్కిందని నిట్టూరుస్తారు. 2007లో వచ్చిన ‘కరేజ్’ ట్రయల్, 2020లో ప్రచురించిన ‘ఇస్కీమియా’ ట్రయల్ ఈ రకం రోగులను ఏళ్ల తరబడి వెంటబడి చూశాయి. రెండోదాంట్లో 5,179 మంది ఉన్నారు, వాళ్లలో మన దేశం వాళ్లూ ఉన్నారు. మంచి మందులు సక్రమంగా వాడుతున్నవాళ్లకు ముందుగానే స్టెంటో బైపాసో చేసినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. తరచూ నొప్పి వచ్చేవాళ్లకు మాత్రం నొప్పి బాగా తగ్గింది. అదీ చిన్న లాభం కాదు. కాకపోతే దేని కోసం డబ్బు కడుతున్నామో, నొప్పి కోసమా ఆయుష్షు కోసమా, అది రోగికి ముందే తెలియాలి. పర్సెంటు ఆ మాట చెప్పదు.

మెలనోమా పేరు మన పాఠకుల్లో చాలామంది వినే ఉండరు. తెల్లజాతి వాళ్లకు ఎండ వల్ల ఎక్కువగా వచ్చే జబ్బు ఇది, మనకు అరుదు. వచ్చినప్పుడు మాత్రం తరచుగా అరికాల్లో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. నాయుడుపేట దగ్గర ఊళ్లో నాట్లకు వెళ్లే ఒకావిడ మడమ కింద బొట్టుబిళ్లంత నల్లమచ్చ లేచింది. ఆనెకాయ అనుకుంది. బురదలో దిగే కాళ్లకు ఆనెకాయలు మామూలే కదా. బ్లేడుతో చెక్కింది. పసరు కట్టింది. చెక్కినప్పుడల్లా రక్తం కారి మళ్లీ మందంగా పెరిగింది. ఊరి ఆర్‌ఎంపీ ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. ఏడాది దాటాక గజ్జల్లో గడ్డ తగిలితే కొడుకు చెన్నై తీసుకొచ్చాడు. బయాప్సీలో మెలనోమా అని తేలింది. మడమ మీది ముక్క తీసేసి, తొడ చర్మం తెచ్చి అతికించారు. గజ్జల్లో గడ్డనూ తీసేశారు.

ఒళ్లంతా పాకిన మెలనోమాకు దశాబ్దాల పాటు డకార్బజీన్ అనే మందే దిక్కు. అమెరికాలో దానికి 1975లో అనుమతి వచ్చింది. కొందరిలో గడ్డ కరిగేది. ఆయుష్షు పెరుగుతుందని మాత్రం ఎన్నడూ రుజువు కాలేదు. 2010లో ఇపిలిముమాబ్ అనే మందు మీద 676 మందితో జరిగిన ట్రయల్ ఫలితం వచ్చింది. ఇది గడ్డ మీద నేరుగా పనిచేసే మందు కాదు, ఒంట్లోని రోగనిరోధక శక్తికి ఉన్న బ్రేకు తీసేస్తుంది. ఆ మందు ఒక్కటే ఇచ్చిన గుంపులో గడ్డ బాగా తగ్గింది సుమారు 11 శాతం మందికే. స్కాన్ చూసి తీర్పు చెప్పేవాళ్లయితే పెదవి విరిచేవాళ్లే. కానీ సగంమంది బతికిన కాలం 6.4 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగింది. కొందరు ఏళ్లకు ఏళ్లు బతికారు. ఆ తర్వాత దానికి అదే కోవకు చెందిన నివోలుమాబ్ అనే మందు జోడించి ఇచ్చినవాళ్లలో ఐదేళ్లకు 52 శాతం మంది బతికే ఉన్నారు. ఈ మందులకు దారి చూపిన జేమ్స్ ఆలిసన్‌కు, తసుకు హోంజోకు 2018లో నోబెల్ వచ్చింది. గుండె విషయంలో రిపోర్టు బాగుండి మనిషి పోతే, ఇక్కడ రిపోర్టు అంతంతమాత్రంగా ఉండీ మనిషి నిలిచాడు. రెండుచోట్లా నిజం తెలిసింది మనిషి వెంట వెళ్లి చూసినందువల్లే.

అయితే ఆ 52 శాతం నాయుడుపేట ఆవిడ లెక్క కాదు. ఆ ట్రయల్‌లో చేరినవాళ్లు అత్యధికులు తెల్లజాతి వాళ్లు. అరికాల్లో వచ్చే రకం మెలనోమా ఈ మందులకు అంతగా లొంగదని ఇప్పటికే తెలుసు. ఎంత లొంగుతుంది, మన మనుషులు ఎన్నాళ్లు బతుకుతున్నారు అన్నది చెప్పాల్సింది ఇక్కడి ఆస్పత్రులే. ఆ సమాధానమే సూళ్లూరుపేట లోకల్ ఎక్కి వెళ్లిపోతోంది.

ఇంకొక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రాణాల మీదికి తెచ్చేది. ఈ రోగనిరోధక మందులు అరుదుగా గుండె కండరం మీదే దాడి చేయిస్తాయి. మెలనోమాకు రెండు మందులూ కలిపి తీసుకుని ఇలా చనిపోయిన ఇద్దరి గురించి 2016లో వైద్య పత్రికలో వచ్చింది. వెయ్యిమందిలో ముగ్గురికంటే తక్కువ మందికే వస్తుందని అప్పటి లెక్క. వస్తే మాత్రం మనిషి దక్కడం కష్టం. తరచుగా వచ్చేది మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, నెలల్లో. అప్పటికి రోగి ఇంట్లో ఉంటాడు. ఆయాసం, ఛాతీలో బరువు, కాళ్లూచేతులూ పట్టుతప్పడం అని దగ్గర్లోని డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఆ డాక్టరుకు ఈ మందు సంగతి చెప్పేదెవరు? ఆ ఇంగ్లీషు కాగితం బీరువాలో ఉంటుంది.

వెంట వెళ్లి చూడటం మన దేశంలో కాని పనేమీ కాదు. బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్యులు నడిపించిన ‘క్రియేట్’ అధ్యయనం 2008లో వచ్చింది. 20,937 మంది గుండె రోగుల వివరాలు అందులో ఉన్నాయి. నొప్పి మొదలయ్యాక ఆస్పత్రి చేరడానికి సగంమందికి 6 గంటలు, అంతకన్నా ఎక్కువే పట్టింది. 30 రోజులు తిరిగేసరికి డబ్బున్నవాళ్లలో 5.5 శాతం చనిపోతే, పేదల్లో 8.2 శాతం. అందిన వైద్యాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా మాయమైంది. పేదవాడి గుండె బలహీనమైంది కాదు, పేదవాడికి వైద్యం అందలేదు. 30 రోజుల తర్వాత లెక్క తీయబట్టే ఇంత పెద్ద మాట అంత స్పష్టంగా అనగలుగుతున్నాం. తమిళనాడులో నాలుగు పెద్ద ఆస్పత్రులకు 35 చిన్న ఆస్పత్రులను, అంబులెన్సులను ముడివేసి గుండెపోటు రోగులను చూశారు. 2,420 మంది లెక్క 2017లో ప్రచురించారు. ఏడాదిలో మరణాలు 17.6 శాతం నుంచి 14.2కు దిగాయి. ఇక అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లోని చెన్నై క్యాన్సర్ రిజిస్ట్రీ 1980ల తొలినాళ్ల నుంచి నడుస్తోంది. రోగి ఎలా ఉన్నాడో తెలుసుకోవడానికి అక్కడి సిబ్బంది ఇళ్లకు కూడా వెళ్లారు. తలుపు తట్టి అడిగి రాసుకున్న అంకెలవి. ఆ పనికి మేము చేతులెత్తి మొక్కుతున్నాం. కానీ ఆ రిజిస్ట్రీ చెన్నై నివాసుల కోసం. సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాడి తలుపు తట్టడం దాని పని కాదు.

ఆ తలుపు తట్టాల్సింది ఎవరు? వైద్యం చేసిన ఆస్పత్రి అన్నది మా మాట. డబ్బు కట్టిన ప్రభుత్వమూ అడగాలి. ఆంధ్రప్రదేశ్ 2019లో తన ఆరోగ్య పథకాన్ని చెన్నై, బెంగళూరు ఆస్పత్రులకూ వర్తింపజేసింది. బిల్లు కట్టే చేతికి ప్రశ్న అడిగే హక్కు ఉంది. ప్రతి గుండె ఆపరేషనుకూ, ప్రతి క్యాన్సర్ చికిత్సకూ 30 రోజులకు, ఆర్నెల్లకు, ఏడాదికి మనిషి ఎలా ఉన్నాడో రాసి పంపాలని షరతు పెట్టాలి. సరిహద్దు ఇవతల ఫోను చేసేవాళ్లూ, అవతల వెళ్లి చూసే ఆశా కార్యకర్తా ఉంటే ఇది పెద్ద ఖర్చు కాదు.

ఫోను తెలుగులో చేయాలి. ట్రయల్‌లో చేర్చుకునేటప్పుడు కూడా అంతే. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 2019 నాటి మందుల ట్రయల్ నిబంధనలు అంటున్నాయి. తెలుగు ఫారం లేక తమిళ ఫారం ముందుపెట్టి, వార్డు బాయ్ చేత రెండు ముక్కలు చెప్పించి వేలిముద్ర వేయించుకోవడం చెప్పినట్టు కాదు. 2009-10లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం కోసం ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిచెడులు వేరే సంగతి, ఆ సంతకాలు మాత్రం తెలుగు ఊళ్లలో పరిశోధన అనే మాటకే మచ్చ తెచ్చాయి. ఇవాళ ట్రయల్ అనగానే ‘మనమీద ప్రయోగాలు చేస్తారంట’ అని జనం లేచి వెళ్లిపోతున్నారంటే తప్పు జనానిది కాదు. మన మనుషులు ట్రయల్స్‌లో చేరాలనే మేము కోరుకుంటున్నాం. చేరకపోతే మన అరికాలి జబ్బుకు ఎప్పటికీ పరాయి లెక్కలే వాడాలి. కానీ చేరేవాడికి అది తన భాషలో, తీరిగ్గా, కాదనే హక్కుతో సహా తెలియాలి. ఏదైనా హాని జరిగితే ఎవరికి ఫోను చేయాలో కూడా తెలియాలి.

నాయుడుపేట ఆవిడను కలిసినప్పుడు మడమ చూపించింది. అతికించిన చర్మం చుట్టూ నల్లగా, మధ్యలో లేత రంగులో మానుతోంది. చెప్పు వేసుకోలేకపోతోంది. నాట్లకు ఈ ఏడు వెళ్లనని చెప్పింది. వెళ్లొచ్చో లేదో డాక్టరు చెప్పలేదంది, తను అడగలేదంది. కొడుకు ఎక్స్‌రే కవరు తెచ్చాడు. దానిమీద బాల్‌పెన్నుతో పెద్ద అంకెల్లో మూడు ఫోను నంబర్లు రాసి ఉన్నాయి. ఒకటి అతనిది, ఒకటి ఎదురింటివాళ్లది, ఒకటి ఊరి ఆశా కార్యకర్తది. ఇవే నంబర్లు డిశ్చార్జి రోజు కౌంటర్లో కూడా రాయించి వచ్చానన్నాడు. నెలన్నర అయింది. ఇంతవరకు ఒక్కదానికీ ఫోను రాలేదు.