కోయాసాన్‌లో ఒక్క రాత్రైనా ఉండాలి

మన సంఘం జపాన్ టూర్ ప్లాన్‌లో కోయాసాన్ అనే బౌద్ధ గుళ్ల కొండకి ఇచ్చింది నాలుగు గంటలు. ఒసాకాలో రైలెక్కి, చివర కేబుల్ కారులో 800 మీటర్ల ఎత్తుకు చేరేసరికే మధ్యాహ్నమవుతుంది. ఫొటోలు దిగి వచ్చేయడానికి అంత దూరం దేనికి? గుడిలో ఒక రాత్రి ఉండాల్సిందే.

816లో సాగా చక్రవర్తి ఈ కొండను కూకాయ్ అనే భిక్షువుకు ఇచ్చాడు. ఇప్పుడక్కడున్న 117 గుళ్లలో యాభై దాకా యాత్రికులకు బస ఇస్తాయి. దాన్ని షుకుబో అంటారు. తాటామి చాప మీద పరుపు, కాగితపు తలుపులు, చాలాచోట్ల స్నానాలగది ఉమ్మడి. "ఇంత పోసి నేలమీద పడుకోవాలా?" అని మావారు సణిగారు. ఒక్క గది కోసమే అయితే దండగే, ఒప్పుకుంటాను.

కానీ భోజనం! జపాన్‌లో శాకాహారులకు అసలు టెన్షన్ సూప్‌తోనే. ముక్కలన్నీ కూరగాయలే అయినా, నీళ్లు మాత్రం ఎండుచేపతో కాచినవి. ఇక్కడ సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు, మన నైవేద్యంలాగే. గోమాదోఫు అని పేరుకు తోఫుయే గానీ అందులో సోయా ఉండదు. నువ్వులు రుబ్బి, దుంపపిండి కలిపి జున్నులా చేస్తారు. సంచిలోంచి కందిపొడి తీయడానికి సిగ్గేసింది. (తీశాను, అది వేరే సంగతి.)

పొద్దున్నే పూజ. కొన్ని గుళ్లలో గోమా కూడా చేస్తారు. అంటే మన హోమమే, పేరు కూడా దాన్నుంచి వచ్చిందే. వీళ్ల షింగోన్ బౌద్ధ శాఖ గురుపరంపరలో మన నాగార్జునుడున్నాడు, ర్యూమ్యో అన్న పేరుతో. దక్షిణ భారతంలోని ఇనుప స్తూపంలోంచి ఆయన మంత్రశాస్త్రాన్ని తెచ్చాడని వాళ్ల కథ. ఆ స్తూపం అమరావతిదేనన్న పండితులూ ఉన్నారు. నాగార్జునకొండకు పడవలో వెళ్లొచ్చిన మనవాళ్లకు ఇది ఎవరైనా చెప్పొద్దూ?

టూర్ కమిటీకి ఒక మాట. నలభై మందిని ఒకేసారి దించకండి, అది హోటల్ కాదు. సాయంత్రం ఐదున్నర, ఆరింటికే భోజనం పెట్టేస్తారు. ఆ తర్వాత ఓకునోయిన్ అనే శ్మశానం దారిలో నడవండి. దేవదారు చెట్ల కింద రెండు కిలోమీటర్లు, రెండు లక్షలకు పైగా సమాధులు. ఆ దారి చివర కూకాయ్ 835 నుంచి ఇంకా ధ్యానంలోనే ఉన్నాడని నమ్మకం. రోజూ ఉదయం ఆరింటికి, మళ్లీ పదిన్నరకు భిక్షువులు ఆయనకు భోజనం పెట్టె మోసుకెళ్తారు.

మన ప్లాన్‌లో కొండెక్కేది పన్నెండింటికి.